బొంబాయి రోవర్స్ కప్పూ, రహీం సారు చిన్న టోర్నమెంట్లూ



ఇవాళ నేను మాట్లాడబోయేది ఇప్పుడు ఎక్కడా ఆడని ఒక ఫుట్‌బాల్ టోర్నమెంటు గురించి. దాని పేరు రోవర్స్ కప్పు. బొంబాయిలో 1891లో మొదలైంది. వందేళ్లకు పైగా నడిచి 2000-01 సీజన్‌తో ఆగిపోయింది. మన దేశంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు మూడు కప్పులు పెద్దవిగా ఉండేవి. సిమ్లాలో పుట్టి ఢిల్లీకి చేరిన డ్యూరాండ్ ఒకటి, కలకత్తాలోని ఐఎఫ్ఏ షీల్డు రెండోది, ఈ రోవర్స్ మూడోది. మొదటి రెండూ ఇంకా ఏదో ఒక రూపంలో బతికి ఉన్నాయి. రోవర్స్ మాత్రం పోయింది.

బొంబాయి కప్పుకూ మన నాగల్‌గిద్దకూ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. 1950 నుంచి 1954 దాకా, వరుసగా ఐదేళ్లు ఆ కప్పు మన రాష్ట్రానికి వచ్చింది. మన రాష్ట్రం అంటే అప్పటి హైదరాబాద్ రాష్ట్రం. మన నారాయణఖేడ్ తాలూకా ఆ రోజుల్లో బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలను విడదీసి కలిపినప్పుడు బీదర్ కర్ణాటక వైపు వెళ్లింది, ఖేడ్ మెదక్‌లోకి వచ్చింది. 2016లో మన నాగల్‌గిద్ద మండలమై సంగారెడ్డి జిల్లాలో చేరింది. జిల్లా పేర్లు మారినా మనుషులు మారలేదు. ఇప్పటికీ మన సంతలో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ, లంబాడీ అన్నీ వినిపిస్తాయి. ఆ పాత హైదరాబాద్ రాష్ట్రంలోని అన్ని భాషల వాళ్లూ తమది అని చెప్పుకోదగ్గ జట్టు ఒకటి ఉండేది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. దాని కథ మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంది. అందుకే ఈ ప్రసంగం.

ముందు ఆ కప్పు సంగతి చెబుతాను. బొంబాయిలోని ఇంగ్లీషు ఫుట్‌బాల్ అభిమానులు దాన్ని మొదలుపెట్టారు. మొదటి ఏడు గెలిచింది వూస్టర్‌షైర్ రెజిమెంట్ అనే సైనిక జట్టు. తర్వాత చాలా ఏళ్లు అది బ్రిటిష్ పటాలాల మధ్య పోటీగానే నడిచింది. 1923లో కలకత్తా మోహన్ బగాన్ ఫైనల్‌కు చేరి, డర్హమ్ లైట్ ఇన్‌ఫంట్రీ చేతిలో ఓడింది. కప్పు ఒక భారతీయ జట్టు చేతికి రావడానికి ఇంకా పద్నాలుగేళ్లు పట్టింది. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచింది, మరుసటి ఏడూ గెలిచింది. అంటే తెల్లవాళ్ల పటాలాలను బొంబాయిలో మొదట దించిన జట్టు దక్షిణాదిదే. రోవర్స్ ఆటలు జరిగే కూపరేజ్ మైదానం అప్పటి నుంచి దేశమంతటి ఆటగాళ్లకూ పరీక్షా కేంద్రమైంది. అక్కడ ఆడినవాడి పేరు మరునాడు కలకత్తా క్లబ్బుల చెవిన పడేది.

ఇక మన పోలీసు జట్టు. 1939లో పుట్టింది. పేరుకు పోలీసు జట్టే కానీ అందులో ఆడినవాళ్లు గల్లీల నుంచి, బస్తీల నుంచి వచ్చినవాళ్లు. ఆట వచ్చినవాడికి పోలీసు శాఖలో ఉద్యోగం దొరికేది. నెల జీతం, తలదాచుకునే నీడ, పొద్దున్నా సాయంత్రమూ ఆటకు సమయం దొరికేవి. ఆ రోజుల్లో ఒక పేద ఇంటి కుర్రాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకొకటి లేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయిన్, లాయక్ వంటి ఆటగాళ్లు అలా దేశానికి తెలిసినవాళ్లే.

ఈ జట్టును తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. వృత్తి రీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. అందుకే ఊరంతా ఆయన్ను రహీం సాబ్ అంటూ గురువును పిలిచినట్టే పిలిచేది. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. చనిపోయేదాకా ఆ పని వదలలేదు.

ఆయన చేతికి వచ్చిన మొదటి ఏడే జట్టు రోవర్స్ గెలిచింది, డ్యూరాండ్ కూడా గెలిచింది. తర్వాత రోవర్స్ 1951లో, 52లో, 53లో, 54లో. ఒక్కసారి ఊహించండి. బొంబాయిలో ప్రతి ఏడూ దేశంలోని గట్టి జట్లన్నీ కాచుకుని ఉంటాయి. ఈసారైనా హైదరాబాద్ వాళ్లను ఆపాలని పంతం పడతాయి. అయినా ఐదేళ్లు ఆపలేకపోయాయి. 1955లో కప్పు మోహన్ బగాన్‌కు వెళ్లింది. 1957లో మన పోలీసులు మళ్లీ తెచ్చారు. ఆ ఏడు డ్యూరాండ్ కూడా తెచ్చారు. తర్వాత జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1960లో గెలిచింది, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి విజేత అయింది, 1963లో ఇంకోసారి గెలిచింది. మొత్తం తొమ్మిది రోవర్స్ కప్పులు, నాలుగు డ్యూరాండ్ కప్పులు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కూడా 1956లో, 57లో హైదరాబాద్‌దే.

ఈ లెక్కలు ఎందుకు చెబుతున్నానంటే, ఇంత చేసిన జట్టుకు ఇవాళ మన బడి పుస్తకాల్లో ఒక్క పేజీ లేదు.

ఇన్ని గెలుపులు ఎలా వచ్చాయి? నా మాటల్లో అసలు విషయం ఇదే. జాగ్రత్తగా వినమని మనవి. రహీం సారు దగ్గర డబ్బు లేదు. విదేశీ శిక్షణ లేదు. మంచి బూట్లు కూడా అందరికీ ఉండేవి కావు. ఆయన దగ్గర ఉన్నది మాస్టారి బుర్ర. పిల్లవాడికి ఒక పాఠం రాకపోతే దాన్నే వేరే రకంగా చెప్పి చూసే ఓపిక. ఆయన ఆటగాళ్ల లోపాలు గమనించి, ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క చిన్న టోర్నమెంటు కనిపెట్టారు.

మన కుర్రాళ్లకు అప్పుడూ ఇప్పుడూ ఒక అలవాటు ఉంది. బంతి కాలికి తగిలితే ఇక వదలరు. ఇద్దర్నీ ముగ్గుర్నీ తప్పించుకుంటూ పోయి చివరికి బంతి పోగొట్టుకుంటారు. ఇలా తప్పించుకుంటూ పోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూడటానికి బాగుంటుంది, జనం చప్పట్లు కొడతారు. జట్టు మాత్రం ఓడిపోతుంది. రహీం సారు ఏం చేశారు? డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు పెట్టారు. బంతిని ఒకసారి ఆపుకోవచ్చు, రెండో తాకుడుకు ఇచ్చేయాలి. మూడోసారి తాకితే తప్పు. తిట్టి చెప్పే పని లేదు, వేడుకునే పని లేదు. నియమమే పాఠం చెబుతుంది. ఇలా ఆడితే ఏమవుతుంది? బంతి నీ దగ్గరికి రాకముందే, ఎవరికి ఇవ్వాలో నువ్వు చూసి పెట్టుకోవాలి. బంతి లేనివాడు ఊరికే నిలబడితే కుదరదు, ఖాళీ చోటుకు పరుగెత్తాలి. అలా పదకొండు మంది కళ్లూ తెరుచుకుంటాయి. కూపరేజ్‌లో మిగతా జట్లు మన వాళ్లను ఆపలేకపోయిన రహస్యం ఇందులో ఉందని నా నమ్మకం. మనిషిని ఆపవచ్చు. పరుగెత్తుతున్న బంతిని ఎవరు ఆపుతారు?

రెండో టోర్నమెంటు ఇంకా బాగుంటుంది. మనలో చాలామందికి ఒక కాలే బలం. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమవైపు బంతి వస్తే తడబడతాడు. రహీం సారు బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టారు. అలవాటైన కాలితో కొట్టిన గోలు లెక్కకు రాదు. మొదట్లో కుర్రాళ్లు ఎంత తిప్పలు పడి ఉంటారో ఆలోచించండి. కానీ ఒక సీజన్ అలా ఆడినవాడికి తర్వాత రెండు కాళ్లూ కుడికాళ్లే.

మూడోది ఎత్తును బట్టి పెట్టిన పోటీ. ఇంత ఎత్తుకు మించినవాళ్లు ఆడకూడదు అనే నియమం. పొడుగ్గా, బలంగా ఉన్నవాళ్లు ముందుకు తోసుకుపోతే చిన్నగా ఉండే పిల్లలు గట్టు మీదే కూర్చుంటారు. వాళ్లలో ఎంత ఆట ఉందో ఎవరికీ తెలియదు. పైగా అప్పట్లో చాలామందికి పుట్టిన తేదీ కాగితమే ఉండేది కాదు. వయసు మీద తగవు పడవచ్చు, ఎత్తు మీద తగవు ఎలా పడతారు? గోడకు ఒక గీత గీస్తే చాలు. పిల్లలందరికీ ఆట అందాలని కోరుకున్న ఒక పంతులుకు మాత్రమే తట్టే ఆలోచన అది.

వినండి, ఈ మూడు టోర్నమెంట్లలో దేనికీ పెద్ద మైదానం అక్కర్లేదు, వెండి కప్పు అక్కర్లేదు. వాటి గురించి ఆ రోజుల్లో బొంబాయిలో ఎవరూ మాట్లాడుకుని ఉండరు. కానీ రోవర్స్ కప్పు గెలిచిన ఆట తయారైంది ఆ చిన్న పోటీల్లోనే.

ఆ ఆట దేశానికీ పనికొచ్చింది. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం శిక్షణలో భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో చలికి, తడి నేల మీద చాలామంది ఉత్తి కాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ దెబ్బతో మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం. ఆసియా ఖండం నుంచి అక్కడిదాకా వెళ్లిన మొదటి దేశం మనదే. చివరికి నాలుగో స్థానం వచ్చింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్, ఇలా హైదరాబాద్, సికింద్రాబాద్‌ల బిడ్డలు చాలామంది ఉన్నారు.

బలరామ్ గురించి ఒక మాట చెప్పి తీరాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద ఇల్లు. రహీం సారు అతని ఆట చూసి శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంతదూరం ఫతే మైదాన్‌కు రావడానికి చేతిలో డబ్బుల్లేవు. అద్దె సైకిలుకు డబ్బులు రహీం సారే ఇచ్చారు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రాడు మెల్‌బోర్న్‌లో ఆడాడు, రోమ్ ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టాడు, జకార్తాలో బంగారు పతకం గెలిచాడు. ఖేడ్ బస్సుకు పైసల్లేక ఆటల పోటీలు మానుకున్న పిల్లలు మన తండాల్లో ఎందరున్నారో మీకూ తెలుసు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సారుకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ ఒంటితోనే జట్టును తీసుకెళ్లారు. రాజకీయ కారణాల వల్ల అక్కడి జనం భారత్ మీద కోపంగా ఉన్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం సారు అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో పీకే బెనర్జీ ఒక గోలు, ఆ తలకట్టుతోనే జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మనకు మళ్లీ ఇప్పటిదాకా రాలేదు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సారు కన్నుమూశారు. ఆయనకు పద్మ పురస్కారం దక్కలేదు. ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. అరవై ఏళ్లు ఆలస్యంగానైనా ఆ పేరు కొత్త తరం విన్నది.

ఆయన పోయిన ఏడు జట్టు గెలిచిన రోవర్స్ కప్పే చివరిది. ఆ తర్వాత విజేతల వరుసలో మన పోలీసు జట్టు పేరు కనిపించదు.

ఎందుకు ఇలా జరిగింది? ఒక కారణం కలకత్తా. అక్కడి క్లబ్బుల దగ్గర డబ్బు ఉంది, లక్షల జనం ఉన్నారు, పేరు ఉంది. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాత వచ్చిన మన హైదరాబాద్ ఆటగాళ్లు నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, అందరిదీ ఆ దారే. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమానంగా నిలిచింది. ఆ రోజు గోలు కొట్టినవాళ్లలో మన హబీబ్ ఒకడు. వాళ్లు వెళ్లినందుకు నేను తప్పుపట్టను. బతుకు ఎక్కడుంటే మనిషి అక్కడికి పోతాడు. మన తప్పు వేరే ఉంది. రహీం సారు తర్వాత గల్లీల్లో, బడుల్లో ఆ చిన్న టోర్నమెంట్లు నడిపేవాళ్లను మనం తయారుచేసుకోలేదు. వెళ్లినవాళ్ల చోటు నింపడానికి వెనక నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మైదానాలూ తగ్గిపోయాయి. ఊట ఎండినాక చెరువు గట్టు ఎంత ఎత్తు కడితే ఏం లాభం?

రోవర్స్ కప్పు మాత్రం బొంబాయిలో ఇంకో ముప్పై ఏడేళ్లు నడిచింది. మోహన్ బగాన్ దాన్ని మొత్తం 14 సార్లు గెలిచింది. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. క్లబ్బులకు ఏడాది పొడుగునా లీగ్ మ్యాచ్‌లు వచ్చి పడ్డాయి. పాత కప్పులకు తీరిక దొరకలేదు, డబ్బు పెట్టేవాళ్లూ దొరకలేదు. 2000-01లో మోహన్ బగాన్ గెలిచిన కప్పే ఆఖరిది. ఫెడరేషన్ కప్పూ అంతే, 1977లో మొదలై 2017లో ఆగింది. డ్యూరాండ్‌కు మాత్రం సైన్యం అండ ఉంది, ఇప్పుడది సీజన్‌కు ముందు జరిగే టోర్నమెంటుగా మారి బతికింది. కొత్త సీజన్‌కు ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి, కొత్త కుర్రాళ్లను పరీక్షించుకోవడానికి క్లబ్బులకు అది పనికొస్తోంది. రోవర్స్‌ను కూడా అలా నిలబెట్టి ఉండవచ్చని నా అభిప్రాయం. పెద్దవాళ్లు పూనుకోలేదు.

హైదరాబాద్‌కు మంచి రోజులు మళ్లీ రాలేదని కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మూడేళ్లు తిరగకముందే డబ్బు కష్టాల్లో పడి, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పై నుంచి డబ్బుతో కట్టిన జట్టు డబ్బుతోపాటే పోతుంది. అదే సమయంలో నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడుతోంది. యూరప్‌లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కు కూడా ఆడి వచ్చింది. మన మండలంలో ఎన్ని తండాలు! అక్కడ పొద్దున లేచి పశువుల వెంట మైళ్లు నడిచే ఆడపిల్లల కాళ్లలో ఎంత బలముందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి నా మనవి ఇది. రోవర్స్ కప్పును మనం తిరిగి తేలేం. అది బొంబాయి వాళ్ల పని. రహీం సారు చిన్న టోర్నమెంట్లను మాత్రం నాగల్‌గిద్దలో మనం ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. స్కూల్ గేమ్స్ మండల పోటీలకు ముందు, సీజన్ మొదలవకముందే పెట్టాలి. మన దగ్గర దానికి ఇంకో కారణమూ ఉంది. దసరా దాటితే కొన్ని తండాల నుంచి ఇంటిల్లిపాదీ చెరకు కొట్టడానికి పోతారు. పిల్లలు ఊళ్లో ఉన్నప్పుడే ఆట జరగాలి.

ఖర్చు ఎంత? నాలుగు బంతులు, ఒక ఈల, గోలుకు వెదురు బొంగులు, గీతలకు సున్నం. వానకు నల్లరేగడి బురదవుతుంది కనుక మొరం నేల ఉన్న బడి ఆవరణ చూసుకోవాలి. జట్టుకు పదకొండు మంది దొరక్కపోతే ఏడుగురు చాలు. సగానికి పదిహేను నిమిషాలు. మొదటి రోజు రెండే తాకుళ్ల ఆట. రెండో రోజు బలహీనమైన కాలి ఆట. మూడో రోజు గోడ మీద గీత గీసి చిన్న పిల్లల ఆట. ఆడపిల్లల జట్లు మగపిల్లల జట్లతో సమానంగా ఉండాలి, ఇందులో బేరం లేదు. తండా పిల్లలను తీసుకొచ్చి దింపడానికి గ్రామ పంచాయతీలు ఒక ఆటో ఏర్పాటు చేస్తే బలరామ్‌కు దొరికిన సైకిలు వాళ్లకూ దొరికినట్టే.

వ్యాయామ ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు, కరస్‌గుత్తి నుంచి మంజీర ఒడ్డు ఊళ్ల దాకా ఉన్న యువజన సంఘాల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం. ఈ వారమే ఒకచోట కూర్చుని మాట్లాడుకోండి. జూలైలో జట్లు కట్టండి. ఆగస్టు 15న జెండా ఎగరేశాక మొదటి ఆట మొదలుపెట్టి, 17న, రహీం సారు పుట్టినరోజున, ఫైనల్ ఆడించండి. ఆ పూట పిల్లలకు ఆయనెవరో రెండు ముక్కలు చెప్పండి.